శనివారం నూనె

మా అక్క నల్లమ్మ బెంగుళూరు ఎప్పుడూ చూడలేదు. ఆమె మొహం మాత్రం ఈ ఎండాకాలమంతా బెంగుళూరు వంటిళ్లలో తిరిగింది. ఐదు లీటర్ల డబ్బా మీద తలనిండా కొంగు కప్పుకుని, గానుగ పక్కన నిలబడి, కాస్త సిగ్గుపడుతూ ఉంటుంది. కింద బంగారు రంగులో "నల్లమ్మ గానుగ నూనె" అని రాసుంటుంది. డబ్బాలో ఉండేది మాత్రం మా గానుగ నూనె కాదు. ట్యాంకర్లో వచ్చిన నూనె.

ఆ పని చేసినవాడు వంశీ. మా ఊరి పెద్దింటి మనవడు. చిన్నప్పటి నుంచి హాస్టళ్లలో చదివి, బెంగుళూరులో ఉద్యోగం చేసి, కారేసుకుని తిరిగొచ్చి నల్లమాడ రోడ్డు మీద గోడౌన్ పెట్టాడు. "నువ్వు నూనె ఆడక్కా, ఆన్‌లైన్లో అమ్మేది నాకొదిలేయ్" అని ఒక ఏడాది మా దగ్గరే కొన్నాడు. ఒకరోజు ఫోన్ పైకెత్తి మా అక్క ఫొటో తీసుకున్నాడు. గిరాకీ పెరిగేసరికి మా నూనె మానేశాడు. ఫొటో మానలేదు. అడగడానికి పోతే వాడి మేనేజరు ఆంజి మమ్మల్ని గేటు దగ్గరే నిలబెట్టేశాడు.

"ఆ పేరూ ఆ ఫొటో కంపెనీకి రాయించేసుకున్నారంట మామా. నన్నేం చేయమంటావు?"

ఉగాది పోయిన వారానికి బెంగుళూరు నుంచి ఎవరో ఒకామె మా అక్కకు ఫోన్ చేసింది. నంబరు ఎక్కడ పట్టిందో ఏమో.

"ఏమ్మా, ఇంత వయసొచ్చింది, సిగ్గు లేదా? నూనె కాగితే ఇల్లంతా కంపు. మా పిల్లోడికి గొంతు పట్టుకునింది."

"అది నేనాడిన నూనె కాదు తల్లీ."

"డబ్బా మీద మొహం నీదే కదా?"

 మా అక్క ఫోన్ నా చేతిలో పెట్టి, పోయి గానుగలో బుడ్డలు, అదే వేరుశనగ గింజలు, పోసింది. అప్పటి నుంచి నల్లమాడ సంతకు పోవడం మానేసింది. ఊళ్లో నడిచినా కొంగు ముక్కు దాకా లాక్కునేది.

నేను కుళ్లాయప్పను. ఊరందరికీ మామను. ఆరో తరగతిలో పంతులు కుర్చీకి జీడి రసం పూసి, ఆయన వీపు పొక్కులు మానకముందే బడికి దండం పెట్టేసినవాణ్ణి. పగ తీర్చుకోవాలంటే కత్తీ కొడవలీ కావాలని మా సీమ గురించి బయటివాళ్లు అనుకుంటారు. నాకు టీ అంగడి చాలు.

*

మా అక్క కూతురు గౌతమి కదిరిలో డిగ్రీ చదివింది. మేము వంశీ గేటు దగ్గర నిలబడి వచ్చిన రోజే, "మనమే అంగడి పెడదాం మామా, ఆన్‌లైన్లో" అంది. అంగడి పెట్టిన కొన్నాళ్లకు ఒకరోజు వసారాలో చాప పరుచుకుని, ల్యాప్‌టాప్ ముందర పెట్టుకుని కూర్చుంది. మా అక్క పక్కనే చేటలో బుడ్డలు చెరుగుతోంది. నేను ఆ బుడ్డలు నమిలి మింగే పనిలో ఉన్నాను.

"మామా, తినేది ఆపి ఇట్లా చూడు. సబ్‌స్క్రిప్షన్ పెడతాండా."

"అంటే ఏందిమే?"

"ఒకతూరి సరే అని నొక్కితే చాలు. నాలుగు వారాలకొకతూరి మన డబ్బా వాళ్లింటికి పోతాంటాది. దుడ్లు వాళ్ల బ్యాంకు నుంచి వాటంతటవే వస్తాంటాయి. ప్రతిసారీ ఆర్డరు పెట్టే పని లేదు."

"ఓసినీ! వాడిక కదమే ఇది! పాల వాడిక మాదిరి."

"అదే."

"పాల వాడికైతే, ఊరికి పోతాండామప్పా, రెండు దినాలు పోయొద్దు అని పాలోడికి చెప్తారు. దీనికి యాడ చెప్పాల?"

గౌతమి తెర మీద రెండు బటన్లు చూపించింది. ఒకదాని మీద "ఈసారి వద్దు" అని, ఇంకోదాని మీద "ఇంక చాలు" అని ఉంది.

"చాలు అని నొక్కితే నిలిచిపోతాదా? మనల్ని బతిమలాడుకునేది లేదా?"

"వద్దన్నోళ్ల దుడ్లు మనకెందుకు మామా?"

ఇది నా మేనకోడలేనా అని అనుమానం వచ్చింది. "సరే, నెలకొకతూరి అంటే పోయేదానికి నాలుగు వారాలేంది లెక్క?" అన్నాను.

"నెల అంటే ఒకసారి సోమవారం పడతాది, ఒకసారి ఆదివారం పడతాది. నాలుగు వారాలంటే ఎప్పుడు పోయినా ఒకే వారం పోతాది. శనివారం పెడదామనుకుంటాండా. బెంగుళూరులో ఉద్యోగాలోళ్లంతా శనివారం ఇంట్లోనే ఉంటారు. పార్శిల్ వాపసు రాదు."

మా అక్క చేట దించకుండానే అంది: "నీ తెలివి తెల్లారినట్లే ఉండాది. శనివారం నూనె ఎవరన్నా గడపలోకి రానిస్తారా?"

"బెంగుళూరులో ఇవన్నీ ఎవరు చూస్తారమ్మా?"

"కోడలు చూడకపోతే అత్త చూస్తాది. బెంగుళూరు పోతే అత్తలుండరా?"

శనివారం నూనె ఇంటికి తెస్తే వెంబడి శని వస్తాడని మా పక్క నమ్మకం. మా తాత కాలం నుంచి శనివారం మేము గానుగ ఆడతాం గానీ చెంబెడు నూనె కూడా ఎవరికీ అమ్మం. అడిగేవాళ్లూ ఉండరు. గౌతమి నాలుక కరుచుకుని గురువారం అని మార్చింది.

నాకు నవ్వాగలేదు.

"ఏం నగుతాండావు మామా?"

"ఏం లేదుమే. గురువారం పేరు బాగుండాది."

*

వంశీకి ఒక అలవాటుంది. మేము ఏది చేస్తే అది వాడికి కావాలి. గౌతమి లీటరు సీసా పెడితే వాడూ లీటరు సీసా పెట్టాడు. గౌతమి మా కర్ర గానుగ గురించి నాలుగు మాటలు రాస్తే, అవే నాలుగు మాటలు వాడి అంగట్లో కనిపించాయి. వాడికి గానుగే లేదు.

మరుసటి పొద్దున టీ అంగట్లో ఆంజి పక్కన చేరి, తలకాయ రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

"ఏమప్పా మామా, అట్లా కూచున్నావు?"

"ఏం చెప్పాల్రా. ఆ పిల్ల చెప్తే ఇనదు. వాడిక పెడతాదంట. ఒకతూరి నొక్కితే బతుకంతా దుడ్లు వచ్చేది. అదీ శనివారం శనివారం ఇళ్లకు చేరేతట్లు."

"శనివారం నూనెనా?" ఆంజి చేతిలో బజ్జీ అట్లాగే నిలిచిపోయింది.

"నేనూ అదే అన్నా. బెంగుళూరోళ్లకు శనివారం అంటే లీవు మామా, అంతా ఇంట్లోనే ఉంటారు, డబ్బా వాపసు రాదు అనింది. ఆలోచన చేస్తే నిజమే కదరా? ఇది మాత్రం మీ వంశీకి తెలియకూడదు. తెలిసిందా, మా కడుపు మీద కొట్టేస్తాడు. నా మీద ఒట్టు పెట్టు."

ఆంజి బజ్జీ నోట్లో పెట్టుకునే ఒట్టు పెట్టాడు. టీ గ్లాసు కడగకముందే వాడి బండి గోడౌన్ దారి పట్టింది.

మూడో రోజుకు వంశీ అంగట్లో పెద్ద అక్షరాలతో వచ్చేసింది. ఒకసారి నొక్కండి, ప్రతి నాలుగో శనివారం మీ ఇంటికే నూనె, మొదటి డబ్బా సగం ధరకే. జనం ఎగబడ్డారు. "ఇంక చాలు" బటన్ మాత్రం వాడు పెట్టలేదు. ఆపాలంటే ఒక నంబరుకు ఫోన్ చేయాలంట. ఆ ఫోన్ ఎవరూ ఎత్తరంట.

వంశీ జేజి, అంటే వాళ్ల నాయనమ్మ, సుబ్బలక్ష్మమ్మకు ఎనభై దాటాయి. ఆ ముసలామె చెప్పి చూసిందని తర్వాత ఆంజే చెప్పాడు.

"శనివారం నూనె ఏందిరా నాయనా? ఎవరన్నా నగుతారు."

"జేజీ, అవన్నీ మన ఊర్లో. బెంగుళూరు డేటా వేరే."

గౌతమి మాత్రం డీలా పడింది. మా వాడికకు ఇంకా నలుగురైదుగురే వచ్చారు. "మన శనివారం సంగతి వాళ్లకెట్లా తెలిసింది మామా?" అని అడిగింది. నేను ఆకాశం వైపు చూశాను. మబ్బు తునక కూడా లేదు. "వాన రాదుమే ఇప్పుడిప్పుడే" అని లేచిపోయాను.

*

మొదటి శనివారం డబ్బాలు పోయాయి. సోమవారానికి సగం వాపసొచ్చాయి. ఇంట్లో మనుషులు లేరని పార్శిల్ వాళ్లు రాసిచ్చారు. మనుషులంతా ఇంట్లోనే ఉన్నారు. తలుపు సందులోంచి చూసి, "ఈరోజా? వద్దొద్దు, తీసుకుపోప్పా" అని మూసేసుకున్నారు. వంశీకి అర్థం కాలేదు. పార్శిల్ వాళ్లతో కొట్లాడి వేరేవాళ్లను పెట్టుకున్నాడు.

నాలుగు వారాలకు మళ్లీ దుడ్లు వాటంతటవే కట్ అయ్యాయి. ఈసారి పూర్తి ధర. మళ్లీ డబ్బాలు పోయాయి. మళ్లీ శనివారం. ఇక అత్తలు రంగంలోకి దిగారు. దుడ్లు పోయి, నూనె గడప దాటక, ఆపుదామంటే బటన్ లేక, ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేక, జనం వంశీ అంగడి కిందే తిట్లు రాయడం మొదలుపెట్టారు. తెలిసినవాళ్లు బ్యాంకుకే చెప్పి దుడ్లు కట్ అయ్యేది ఆపించేసుకున్నారు.

వాపసొచ్చిన డబ్బాలు పెట్టడానికి గోడౌన్లో చోటు లేక బయట రేకుల కింద పేర్చారు. మే నెల ఎండ సంగతి మీకు చెప్పాలా? మూతలు ఉబ్బి ఊడిపోయాయి. నూనె గేటు కింద నుంచి కాలవ కట్టి రోడ్డెక్కింది. కుక్కలు నాకి మొహం తిప్పుకుని పోయాయి. వంశీ ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని చీపురు పట్టుకుంటే, నేను రోడ్డుకు అవతల నిలబడి చూశాను.

"జారతావు నాయనా, మెల్లిగా!" అని కేకేశాను.

వాడు జారాడు. టీ అంగట్లో ఉన్నవాళ్లందరికీ ఆరోజు బజ్జీలు నావే.

*

ఇంటికొచ్చేసరికి గౌతమి వసారాలో కూర్చుని ఆ తిట్లు ఫోన్లో చదువుకుంటోంది. నన్ను చూసి పకపకా నవ్వింది.

"మామా, ఒకాయన చూడు, మా అత్త మూడు దినాలుగా నాతో మాట్లాడలేదు, ఆమెతో మీరే మాట్లాడండి అని రాసినాడు."

"ఇంగ చదువు, ఇంగ చదువు."

మా అక్క నూనె తీయగా మిగిలిన చెక్క గంప దించి వచ్చి స్తంభానికి ఆనుకుంది. పశువులకు పెట్టే ఆ చెక్క పొడి ఆమె చేతుల నిండా ఉంది. "నేనూ వింటా. చదువు" అంది. చాలా రోజుల తర్వాత ఆమె మొహం తేటగా ఉంది.

గౌతమి వేలితో తెర పైకి తోసింది. చదవబోయి ఆగిపోయింది.

"ఏందిమే, గొంతు పోయిందా? ఇటియ్యి" అని ఫోన్ లాక్కున్నాను. నా చదువు ఎట్లాంటిదంటే, ఒక్కో అక్షరం పట్టుకుని పైకి అనుకుంటూ పోతే, చివరికి ఏం చదివానో నాకు తెలుస్తుంది. ముందు తెలియదు.

"ఈ... ము... స... ల్దా... ని... శ... ని... మొ... హం... శని... వారం... శని... వారం... మా... గ... డ... ప... లో..."

చదివాక తెలిసింది.

మా బావ చనిపోయిన ఏడాది, గౌతమి చంకలో ఉండగా, ఆ మాట అనే మా అక్కను అత్తగారింటి నుంచి పంపించారు. నూనె డబ్బా ఎదురొస్తే బండి నిలుపుకుని, కాసేపు కూర్చుని పోయే మనుషులున్న ఊరు మాది. ఆ మాటతోనే మేము పెరిగాం. దాన్ని ఎత్తి వంశీ మీద విసిరితే ఎక్కడ తగులుతుందో నేను చూసుకోలేదు. డబ్బా మీద ఉన్నది వంశీ మొహం కాదు.

మా అక్క చేతులు దులుపుకుంది.

"శనివారం మాట వాని చెవిలో ఏసింది నువ్వేనా?"

"నేనే."

"నగుకున్నావా?"

"బాగా నగుకున్నా."

"సరే" అని లోపలికి పోయింది.

మధ్యాహ్నం నాకు సంగటి పెట్టింది. నంజుకోను ఊరుబిండి పచ్చడి పెట్టలేదు. ఉత్త సంగటి మింగుతూ, వంశీని ఇంకా ఏమేం చేయొచ్చో ఆలోచించాను. వాడి విషయంలో నాకు ఇప్పటికీ జాలి లేదు.

*

వారం తిరక్కముందే వంశీ కారు మా ఇంటి ముందర ఆగింది. నల్లద్దాలు తీసి చొక్కాకు తగిలించుకుని, గానుగ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నల్లమ్మక్కా, బాగుండావా? నీ ఫొటో తీసేసినాం. కొత్త లేబుల్ వేయిస్తాండాం. సంతోషమే కదా?"

"ఎందుకు తీసినావు నాయనా?"

"ఊరికే. డిజైన్ మారుస్తాండాం."

"ఎందుకు?"

"అదేనక్కా... కస్టమర్లకు..."

"కస్టమర్లకు ఏమైంది?"

"అచ్చిరాలేదక్కా."

"ఏది అచ్చిరాలేదు?"

వాడు నా వైపు చూశాడు. నేను చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాను. మా అక్క గానుగ ఆపింది. ఆ చప్పుడు ఆగేసరికి వాడి మాట వాడికే పెద్దగా వినపడింది.

"నీ మొహం."

"ఆఁ. ఇప్పుడు చెప్పు, వచ్చిన పనేంది?"

నూనె కావాలంట. మంచి నూనె. ట్యాంకర్ మానేసి మళ్లీ మా గానుగ నూనే నింపుకుంటాడంట, కాకపోతే పేరూ మొహం లేకుండా. ధర మేమడిగినంత.

"మా నూనె కావాలంటే గౌతమి అంగట్లో వాడిక కట్టు. అందరి మాదిరే" అంది మా అక్క. "నా మొహం ఏసిన కాయితాలు ఇంగా మిగిలినాయా?"

"మూటలు మూటలు ఉండాయి. కాల్చేయమని చెప్పినా."

"నా మొహం కాల్చేదానికి నేనింగా చావలేదు. పంపు."

ఆంజి బండి మీద మూటలొచ్చాయి. మా అక్క నా ముందర ఒక మూట కుమ్మరించి కత్తెర ఇచ్చింది. "కింద వాని కంపెనీ పేరుండాది. అంతవరకు కత్తిరించు. నా మొహానికి తగలకూడదు."

"ఇవన్నీనా? ఎన్నుండాయో తెలుసునా అక్కా?"

"నగినన్ని ఉండవులే."

వేళ్లు పొక్కులెక్కేదాకా కత్తిరించాను. చెప్పొద్దూ, ఒక్కో కాగితం మీద నుంచి వాడి పేరు తెగి కింద పడుతుంటే నొప్పి అంతగా తెలియలేదు. గౌతమి ఆ మొహాలను మా డబ్బాలకు అతికించింది. మా నూనె కొత్తగా తిన్నవాళ్లు, "ఈమెదే కదా పోయినసారి ఆ కంపు నూనె?" అని అడిగితే, గౌతమి మా గానుగ తిరిగేది ఫోన్లోనే చూపించేది. మా అక్క తల మీది కొంగు తీసి ఫోన్ ముందుకు వచ్చి, "నేనే తల్లీ, ఇది నేనాడింది" అనేది.

ఒకరోజు మా అక్క అడిగింది: "వాడికలో వారాలు ఎన్ని పెట్టినావు?"

"సోమవారం, గురువారం. ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు."

"శనివారం పెట్టు."

"అమ్మా!"

"పెట్టు. కావలసినోళ్లు తీసుకుంటారు. మన ఊరికి మాత్రం శనివారం ఒక్కటే పెట్టు. ఇంగే వారమూ లేదు."

"మన ఊర్లో ఎవరు కడతారమ్మా శనివారం?"

"కట్టేవాళ్లే కడతారు."

బెంగుళూరు నుంచి ఒక నర్సమ్మ ముందుగా శనివారం నొక్కింది, తనకు ఆరోజే సెలవని. ఆమెను చూసి ఇంకొందరు. మా ఊరి నుంచి మాత్రం కొన్నాళ్లు ఎవరూ రాలేదు.

మృగశిర కార్తె మొదట్లో రొంత చినుకులు పడ్డాక వచ్చింది ఒక పేరు. సుబ్బలక్ష్మమ్మ. పెద్దిల్లు. నొక్కిన ఫోన్ వంశీది.

ఆ ఇంట్లో సంగతి ఆంజి మోసుకొచ్చాడు. ముసలామె పోపు వాసనకే కంచం తోసేస్తోందంట. "పెండ్లయి ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి ఆ గానుగ నూనె తిన్నదాన్ని. నువ్వు తెచ్చే మడ్డి నాకొద్దు. నల్లమ్మ నూనె తెప్పిస్తావా, పస్తుండమంటావా?" అనిందంట. వంశీ సోమవారం కోసం వెతికాడంట, గురువారం కోసం వెతికాడంట. ఊరి పేరు కొడితే శనివారం ఒక్కటే వస్తుంది. ముసలామె పట్టు ముసలామెది. నొక్కాడు.

ఆ శనివారం మా అక్క తలస్నానం చేసి, పెట్టెలోంచి ఇస్త్రీ మడత చీర తీసి కట్టుకుంది. డబ్బా నేను మోస్తానంటే ఇవ్వలేదు. పెద్దింటికి నూనె ఎప్పుడూ పెరటి వాకిలి నుంచే పోతుంది. మా నాయన అట్లాగే పోసొచ్చాడు, మా తాతా అట్లాగే. మా అక్క పెరటి సందు దాటేసింది. నేరుగా పోయి వీధి గడప ముందర నిలబడింది. తల మీద కొంగు లేదు.

వంశీ బయటికొచ్చాడు.

"అక్కా, వెనక నుంచి..."

"ఎవర్రా వచ్చింది?" లోపల నుంచి ముసలామె గొంతు.

"నూనె, జేజీ."

"నల్లమ్మనా? ఆడ నిలబెట్టినావేందిరా? రానీ లోపలికి."

మా అక్క డబ్బా ముందుకు చాచింది. మొహం ఉన్న పక్క వాడి వైపు తిప్పి పట్టుకుంది.

"రెండు చేతులా పట్టుకో నాయనా. బరువుగా ఉండాది."

వాడు పట్టుకున్నాడు. మా అక్క వాడి పక్క నుంచి గడప దాటి, కుడికాలు ముందర పెట్టి లోపలికి పోయింది. "ఎంత చిక్కిపోయినావే" అని ముసలామె అనడం, మంచం కిర్రుమనడం వినపడ్డాయి.

వంశీ వాకిట్లోనే ఉండిపోయాడు. డేటా చదివినోడే, కానీ ఈ ఎండాకాలం వాడికి ఇంకో చదువు చెప్పింది. శనివారం నూనె లోపలికి తీసుకుపోవాలంటే కాలు రావడం లేదు. గడప మీద దించడానికి లేదు. బయట పెడితే జేజి ఊరుకోదు. వీధిలో పోయేవాళ్లు ఒక్కొక్కరే ఆగి చూస్తున్నారు. వాడు చేతులు మార్చుకుంటున్నాడు, చెమట తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు.

నన్ను చూసి, "మామా, రొంత పట్టుకో" అన్నాడు.

నేను ఎదురింటి అరుగు మీద సావకాశంగా కూర్చుని, బీడీ ముట్టించుకున్నాను.